జంగయ్య రాసిన పులి

ఆ సోమవారం పొద్దున జంగయ్య పథకం చిన్నదే. టీ తాగి, ఒక పేజీ కథ రాసి, ఆపైన పనిలో కూర్చోవడం. కోడేరు బస్టాండు పక్కన అర్జీలు రాసి బతికే అతనికి కథకుడు కావాలని మహా కోరిక. పంపిన ఐదు కథలనూ పత్రికవాళ్లు "సహజత్వం లేదు" అని తిప్పి పంపారు. రోజూ రాస్తే చెయ్యి తిరుగుతుందని ఎవరో చెప్పగా, మాల వేసుకున్నవాడిలా నలభై ఒక్క రోజుల దీక్ష పట్టాడు. అది ముప్పై తొమ్మిదో రోజు.

నోటుబుక్కు అయిపోవడంతో అర్జీ కాగితం మీదే మొదలుపెట్టాడు: "నిన్న సాయంత్రం మా పల్లి చేన్లో పులిని చూశాను..." పేజీ నిండేసరికి రాములమ్మ పరుగున వచ్చింది.

"జంగన్నా, జర జల్ది రాయి. ట్రాన్స్‌ఫార్మర్ కాలి పదిరోజులాయె. పల్లి చేను ఎండుతుంది. ప్రజావాణికి పోవాలె, బస్సు ఎళ్లేటట్టుంది."

బస్సు హారన్ మోగుతుంటే అతను అదే కాగితం వెనకవైపు అర్జీ రాసిచ్చాడు. చదువురాని రాములమ్మ వేలిముద్ర మాత్రం పులి కింద వేసింది. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ఆ ప్రజావాణిలో అధికారులు వేలిముద్ర ఉన్నవైపే చదివారు.

మంగళవారం మన్ననూర్ నుంచి అటవీశాఖ జీపు దిగింది. రాములమ్మ చేన్లో బోను పెట్టి, ఎవరూ పొలాలవైపు పోరాదని మైకులో చాటారు. తనకేమీ తెలియదని ఆమె మొత్తుకుంటే, భయపడి మాట మారుస్తోందన్నారు. సాయంత్రానికి ఊళ్లో మరో ముగ్గురు తామూ పులిని చూశామన్నారు.

"నా చేను ఆగమాయె! నువ్వు రాసిన పులిని నువ్వే ఎల్లగొట్టు," అని రాములమ్మ మీదికొచ్చింది.

జంగయ్య అదంతా కథేనని క్షమాపణ రాసి అటవీ అధికారికిచ్చాడు. ఆయన రెండుసార్లు చదివాడు.

"పులి కాయితం చదివితే నాకు ఒళ్లు జలదరించింది. దీంట్ల సహజత్వం లేదు. నిన్నెవరో బెదిరించి రాయించిండ్రు. మళ్ల రాసుకరా."

తన కథను ఒకరు నమ్మడం అదే మొదటిసారి. జంగయ్యకు ఏడుపూ వచ్చింది, లోపల కాస్త సంతోషమూ కలిగింది. క్షమాపణ ఇంకో మూడుసార్లు తిరగరాశాడు. నాలుగూ వెనక్కి వచ్చాయి.

గురువారం, బోను దగ్గర దీపాలకు కరెంటు లేదని అధికారి పైవాళ్లకు ఫోన్ చేశాడు. శుక్రవారం కొత్త ట్రాన్స్‌ఫార్మర్ దిగింది. రాములమ్మ మోటారుకు కరెంటు రాగానే దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్ ఉంది. మనిషి గట్టు మీద అడుగు పెట్టకుండానే చేనంతా తడిసింది.

ఐదో క్షమాపణ రాస్తున్న జంగయ్య చేతిలోంచి ఆమె పెన్ను లాక్కుంది. "ఇగ రాయకన్నా! ఇంకో రెండు తడులయ్యేదాంక పులిని ఉండనియ్యి."

మరుసటి సోమవారం జంగయ్య బల్ల ముందు జనం వరుస కట్టారు. అందరికంటే ముందున్న రైతు శాంతయ్య గొంతు తగ్గించాడు.

"మా ట్రాన్స్‌ఫార్మర్ గూడ కాలిందన్నా. మాకు పులి వద్దులే, చిరుత సాలు."

దీక్ష ముగిసినా జంగయ్య సాధన మానలేదు. ప్రస్తుతం చిరుతల మీద చెయ్యి తిప్పుకుంటున్నాడు.