ఎడమవైపు కిరకిర

ఆ ఆదివారం పొద్దున లిఫ్ట్ మెకానిక్ వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి స్పీకర్లకు వైర్లు కలపాలి. తొమ్మిదింబావుకు రికార్డు పెట్టాలి. ఒక పక్కంతా తానొక్కడే విని, అంతా సవ్యంగా ఉందని రూఢి చేసుకుని, పదింటికి భార్యను పిలవాలి. ఆ తర్వాత ఇద్దరూ సోఫాలో కూర్చుని వినాలి. ఇంకే పనీ పెట్టుకోలేదు.

ఆ స్పీకర్లు ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. మూతపడుతున్న ఒక ఫొటో స్టూడియోలో, తెరల వెనక దుమ్ములో నిలబడి ఉండగా అతని కంటపడ్డాయి. నడుమెత్తు చెక్కపెట్టెలు రెండు. ఒక్కొక్కటి మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. వయసు నలభై పైమాటే. లోపలి కాగితపు కోను చుట్టూ ఉండే స్పాంజి అంచు, వేలు తగలగానే పాత రస్కులా పొడిపొడిగా రాలిపోయింది. మెకానిక్ దిగులుపడలేదు. ఆదివారం వెంట ఆదివారం నేలమీద బోర్లా పడుకుని, ఎండిన జిగురు గోకి, కొత్త అంచులు అతికించాడు. సత్తువ ఉడిగిన కెపాసిటర్లు పీకి కొత్తవి టంకం వేశాడు. చెక్కను నునుపు చేసి, ముందరి గుడ్డ మార్చాడు.

అతని భార్య ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తుంది. పెట్టెలు గుమ్మం దాటిన రోజున "ఇవి స్పీకర్లా, బీరువాలా?" అని ఒక్క మాట అని ఊరుకుంది. తర్వాత రెండు మూడుసార్లు, "ఎలా పలుకుతాయో ఒకసారి పెట్టండి, విందాం," అంది. "అయ్యాక పిలుస్తాగా," అన్నాడు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. వంటింటి అల్మరా తలుపు, వరండాలో వేయాల్సిన ఉయ్యాల బల్ల, సముద్రం చూసొద్దామన్న ప్రయాణం, అన్నీ ఇరవై ఏళ్లుగా ఆ ఒక్క మాట కింద భద్రంగా ఉన్నాయి. అతను సోమరి అయితే కోపగించుకోవడం సులువయ్యేది. సగం అయిన పని ఎవరి కంటా పడకూడదనుకునే మనిషితో దెబ్బలాట పెట్టుకోవడం కష్టం.

పైగా అతని చెవి గొప్పది. లిఫ్ట్ కదిలితే చాలు, ఎన్నో అంతస్తు దగ్గర ఏ చక్రం అరిగిందో కిందనుంచే చెప్పేస్తాడు. అందుకే అతను లిఫ్టులు చూసే భవనాల్లోవాళ్లు చాటున అతన్ని 'పాముచెవి' అనుకునేవారు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలియనట్టు నటిస్తూ సంతోషించేవాడు.

ఆ రోజుకని తీసి పెట్టుకున్న రికార్డు అతని దగ్గర ఇరవై ఏళ్లుగా ఉన్నదే. ఇద్దరు కళాకారులు చెరో చెల్లో, అంటే కాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్, పట్టుకుని, ఒకరు ఎడమన, ఒకరు కుడిన కూర్చుని వాయించినది. ఇన్నాళ్లూ దాన్ని ఒకే స్పీకరున్న టిఫిన్ డబ్బా అంత ప్లేయరులో విన్నాడు. ఇవాళ కొత్త ప్లేయరు ముల్లు గాడిలో పడగానే అతని వెన్ను నిటారైంది. ఎన్నో ఏళ్లుగా ఎరిగిన మనుషులు తలుపు తోసుకుని గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది. ఐదు నిమిషాలు అలా గడిచాయి. ఆరో నిమిషంలో, స్వరం కిందికి దిగుతుండగా, ఎడమవైపునుంచి వినిపించింది.

కిర్‌ర్‌.

మెకానిక్ రికార్డు ఆపాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ కిర్‌ర్‌. ఎడమ పెట్టెలో ఏదో వదులైందనుకుని, వైర్లు ఊడదీసి, చెమటలు కక్కుతూ ఎడమ పెట్టెను కుడికీ, కుడి పెట్టెను ఎడమకూ ఈడ్చాడు. ఎడమవైపు వైరు ఎడమవైపు పెట్టెకే కలిపి మళ్లీ పెట్టాడు. కిరకిర ఎడమవైపే వచ్చింది. నడుం పట్టుకుని ఆలోచించాడు. దోషం పెట్టెలో ఉంటే పెట్టెతోపాటు కుడివైపుకు నడవాలి. నడవలేదు. అంటే దోషం గదిది. ఎడమవైపు సామానులో ఏదో ఒకటి ఆ స్వరానికి వణుకుతోంది.

"ఏమండీ, పదయింది," అంటూ ఆమె రెండు కప్పుల టీతో వచ్చింది.

"ఇంకా అవ్వలేదు. ఏదో మోగుతోంది. పిలుస్తాగా."

ఆమె రెండు కప్పులూ వంటింట్లోకి పట్టుకుపోయి, రెండూ తానే తాగింది.

మొదట అద్దాల షోకేసు నడవాలోకి వెళ్లింది. కిరకిర పోలేదు. గోడమీది ఫొటోలు వెళ్లాయి. తర్వాత పుస్తకాల బీరువా, పుస్తకాలతో సహా. తర్వాత టేబుల్ ఫ్యాను, కర్టెన్ రాడ్డు, గోడ గడియారం. సోఫాలో స్ప్రింగులున్నాయన్న సంగతి పదకొండింటికి తట్టింది. కింది వాటాలో ఉండే రిటైర్డ్ పోస్టుమాస్టరు గారు మెట్లెక్కి వచ్చేసరికి సోఫా సగం గడప అవతల, సగం ఇవతల ఉంది.

"ఏం మెకానిక్ గారూ, ఖాళీ చేస్తున్నారా?"

"అవునండీ," అన్నాడు మెకానిక్, పళ్ల మధ్యనున్న రెండు స్క్రూలు తీసి జేబులో వేసుకుంటూ. "మొత్తం ఖాళీ చేసేస్తే గానీ తేలేటట్టు లేదు."

"అంత అవసరం ఏమొచ్చిందండీ ఉన్నట్టుండి?"

"పొద్దున్నుంచీ ఒకటే మోత. ప్రాణం విసిగిపోయింది."

"ఎటునుంచి?"

"ఎడమవైపునుంచి."

పోస్టుమాస్టరు గారు ఎడమవైపు చూశారు. అటు వంటిల్లు ఉంది. వంటింట్లో ఆవిడ ఉంది. ముప్పై ఐదేళ్లు ఇతరుల ఉత్తరాలు చేతులు మార్చిన మనిషి, కవరు విప్పకుండానే లోపలి సంగతి ఊహించడం అలవాటు. గొంతు తగ్గించి, "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడేంటండీ?" అన్నారు.

"ఇన్నేళ్లూ ఉండే ఉంటుందండీ. నా చెవికే ఎక్కలేదు."

పోస్టుమాస్టరు గారు అతని భుజం తట్టి, దిగాల్సిన మెట్లు దిగకుండా పైకి ఎక్కారు. పైన ఓనరమ్మ గారు ఉంటారు. ఇల్లు ఖాళీ చేస్తున్నారనీ, భార్యాభర్తలకు సరిపడడం లేదనీ రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో చెప్పారు. ఆవిడకు మొదట బాధ కలిగింది, వెంటనే రోషం వచ్చింది. "పదకొండేళ్లు నా ఇంట్లో ఉండి నాకు మాట మాత్రమైనా చెప్పరా? చెవిలో పువ్వు పెట్టుకుని కూర్చున్నానా నేను?" అని, ఇల్లు కావాలని రెండు నెలలుగా తిరుగుతున్న డ్రాయింగు టీచరుకు ఫోను చేసి, "వెంటనే వచ్చి చూసుకోండి," అన్నారు.

అదే సమయంలో కింద ఇంకో ఫోను మోగింది. బేకరీ నడిపే తమ్ముడు అక్కను ఊరికే పలకరిద్దామని చేశాడు.

"ఏం చేస్తున్నావక్కా?"

"ఏం చేస్తాన్రా? సోఫా పోయింది, నా పుస్తకాల బీరువా పోయింది. ఇక ఇంట్లో మిగిలిందాన్ని నేనే," అని నవ్విందామె. తమ్ముడి వెనకాల పిండి కలిపే మిషను తిరుగుతోంది. మాటలు వినపడ్డాయి గానీ నవ్వు వినపడలేదు. ఇంతలో హాల్లోంచి కేక వచ్చింది.

"నువ్వు కూడా కాసేపు బయటికెళ్లు! నీ దగ్గరే ఏదో మోగుతోంది!"

ఆమె చేతిలో తాళాల గుత్తి ఉంది. "ఉండరా, మీ బావ నన్ను కూడా బయటికి పొమ్మంటున్నారు," అని ఫోను పెట్టేసింది. మిషను చప్పుడు 'కాసేపు' అన్న మాటను ఎప్పుడో మింగేసింది.

ఆమె నడవాలోని సోఫాలో కూర్చుని, బయటపడిన బీరువాలోంచి ఒక పుస్తకం తీసుకుంది. ఇరవై పేజీలు చదివేసరికి రొట్టెల వాసనతో తమ్ముడు వచ్చి ఎదుట నిలబడ్డాడు. కింద వ్యాను ఉంది. ముఖం జేవురించి ఉంది.

"లే అక్కా, పద మనింటికి. ఆయనతో నేను తర్వాత మాట్లాడతా."

"నీ మొహం. అలాంటిదేం లేదురా, ఆయన..." అంటూ నవ్వబోయి ఆమె ఆగిపోయింది. అలాంటిదేం లేదని చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. తనను ఎవరూ గెంటలేదు. నిజమే. కాని ఇరవై ఏళ్లుగా తను ఏదో ఒక గుమ్మం బయట కూర్చుని పిలుపు కోసం చూస్తున్నమాటా నిజమే. వెళ్లిపోతే ఆయన గమనించడానికి ఎన్ని రోజులు పడుతుందో అనుకుంది. అది వేళాకోళంగా అనుకున్నదే గాని, అనుకున్నాక నవ్వు రాలేదు.

"నాలుగు రోజులు ఉండొస్తాలే. ఉండు, చెప్పొస్తా," అని లేచింది. తమ్ముడు ఆ ఒక్క ముక్క చాలన్నట్టు, అక్క సామానుగా ముందు సోఫాను వ్యానెక్కించాలని డ్రైవరును కేకేశాడు. ఇద్దరూ దానికి చెరో పక్కా పట్టారు.

లోపల గది బోసిగా ఉంది. నాలుగు గోడలు, రెండు పెట్టెలు, ప్లేయరు. వాటి మధ్య నేలమీద మెకానిక్ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఇక తీయడానికి ఏమీ మిగల్లేదు. జుట్టంతా బూజు. ఆమె "వెళ్తున్నా," అనకముందే తలెత్తాడు.

"నా వల్ల కాలేదు," అన్నాడు. "అంతా తీసేశా. ఇంకా మోగుతోంది. నీకు మంచిగా వినిపించాలనుకున్నా." పక్కన నేలను అరచేత్తో తుడిచాడు. "పాడుగానే ఉంది. అయినా వింటావా?"

అతను పూర్తికాని పనికి తనను పిలవడం ఆమె ఎరగదు. తాళాల గుత్తి గడపలో పెట్టి వచ్చి కూర్చుంది.

రికార్డు తిరిగింది. ఆమె కళ్లు మూసుకుంది. ఆరో నిమిషం వస్తుంటే మెకానిక్ పంటి నొప్పి వచ్చినవాడిలా ముఖం పెట్టాడు.

కిర్‌ర్‌.

"కుర్చీ," అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

"కుర్చీలన్నీ బయట పెట్టేశానే!"

"మనది కాదు. ఆయనది. ఆ ఎడమవైపు వాయించే ఆయనది. ఊపిరి పీల్చి ముందుకు వంగుతున్నాడు, అప్పుడు మోగుతోంది. మా లైబ్రరీలో రోజుకు అరవై కుర్చీల చప్పుడు వింటానండీ నేను. అది పాత చెక్క కుర్చీ."

మెకానిక్ పాకుతూ ప్లేయరు వెనక్కి వెళ్లాడు. పొద్దున పెట్టెలు మార్చాడు గాని వైర్లు అటుదిటు చేయలేదు. ఇప్పుడు ఎడమ వైరు కుడి పెట్టెకు, కుడి వైరు ఎడమ పెట్టెకు కలిపాడు. ఆరో నిమిషంలో కిరకిర నిమ్మళంగా కుడివైపునుంచి వచ్చింది. అది గదిలో లేదు, పెట్టెల్లో లేదు, రికార్డులోనే ఉంది. ఎన్నో ఏళ్ల కిందట ఎక్కడో ఒక మనిషి వదులు కుర్చీలో కూర్చుని వాయించాడు. టిఫిన్ డబ్బా ప్లేయరు ఆ సంగతి ఇరవై ఏళ్లు దాచింది.

"ఆయన కూడా కుర్చీ బాగుచేసుకున్నాక వాయిద్దామనుకుని ఉంటే, మనకు ఈ పాట ఉండేది కాదు," అంది ఆమె. మెకానిక్ ఆమె చేయి తీసుకుని తన చేతిలో పెట్టుకున్నాడు. అతనిది బూజు చేయి. ఆమె వదిలించుకోలేదు.

కళ్లు తుడుచుకుని అతను తల తిప్పేసరికి గుమ్మంలో ఐదుగురు నిలబడి ఉన్నారు. ఓనరమ్మ గారు, డ్రాయింగు టీచరు, కిటికీ కొలవడానికి టేపు పట్టుకున్న ఆవిడ భర్త, వీడ్కోలు కానుకగా పూలకుండీ తెచ్చిన పోస్టుమాస్టరు గారు, వాళ్ల భుజాల మీదుగా తమ్ముడు.

"బావా, అక్కని ఎందుకు గెంటావ్?" అన్నాడు తమ్ముడు.

"నాకు చెప్పకుండా ఎందుకు ఖాళీ చేస్తున్నారు?" అన్నారు ఓనరమ్మ గారు.

"కుర్చీ అండీ," అన్నాడు మెకానిక్.

ఆ జవాబుతో ఎవరికీ ఏమీ బోధపడలేదు. అతని భార్యే అందరినీ నేలమీద కూర్చోబెట్టి, మొదటినుంచీ చెప్పుకొచ్చింది. నమ్మకం కుదరడానికి రికార్డు మళ్లీ పెట్టారు. ఆరో నిమిషంలో అందరూ ఒక్కసారే "అదిగో!" అన్నారు. ఓనరమ్మ గారైతే రెండోసారి పెట్టించుకున్నారు. డ్రాయింగు టీచరు మాత్రం నేలమీద చెయ్యి పెట్టి చూసి, "ఈ ఇంట్లో పైవాటా, కిందివాటా చప్పుళ్లన్నీ వినిపిస్తాయేమోనండీ. మాకు ప్రశాంతమైన ఇల్లు కావాలి," అని, భర్తతో టేపు చుట్టించి వెళ్లిపోయింది. కొత్తవాళ్లకు వాటా చూపించడానికి వచ్చిన ఓనరమ్మ గారు, "ఎక్కడికీ వెళ్లకండి బాబూ, వాటా ఖాళీగా పడుంటుంది," అని బతిమాలుకోవాల్సి వచ్చింది. పోస్టుమాస్టరు గారు కుండీ తిరిగి తీసుకెళ్లడానికి మొహమాటపడి, కాసేపు నిలబడి, చివరికి తీసుకెళ్లారు.

డ్రైవరు తోలుకెళ్లిన వ్యానులో సోఫా అప్పటికే బేకరీ చేరింది. మర్నాడు దాన్ని తెచ్చి దింపుతానని తమ్ముడు ఫోను చేస్తే, "ఉంచుకోరా, గది ఇలాగే బాగుంది," అంది అక్క. ఆ వారమే మెకానిక్ సెలవు పెట్టి, సగం బిగించిన ఉయ్యాల బల్లను అలాగే వదిలేసి, ఆమెను సముద్రానికి తీసుకెళ్లాడు.

నెల తర్వాత ఆ ఇద్దరు కళాకారులు వాయించిన అదే సంగీతం, దోషాలన్నీ తీసేసి కొత్తగా వేసిన రికార్డు దొరికితే కొనుక్కొచ్చాడు. అందులో ఎక్కడా కిరకిర లేదు. ఒకసారి విని, ఇద్దరూ దాన్ని పోస్టుమాస్టరు గారికి ఇచ్చేశారు.