సెనోబియో వెనక సీటెక్కిన రోజు

ఒరూరో రైల్వే కాలనీలో సెనోబియో పేరు చెబితే ఆయన సైకిలే గుర్తొస్తుంది. పెళ్లయిన కొత్తలో రెండు పాత సైకిళ్లను అతికించి, ఇద్దరు తొక్కే బండి తయారుచేశాడు. అప్పటి నుంచీ ముందు సీటు ఆయనది, వెనక సీటు భార్య ఎర్మీనియాది.

ఏటా శీతాకాలం చివర పాత రైల్వేవాళ్లంతా గుంపుగా పీఠభూమి మీదుగా చల్యాపాటా ఊరి దాకా సైకిళ్లు తొక్కుతారు. పొద్దున్నే బయల్దేరితే చేరేసరికి పొద్దు వాలుతుంది. చెట్టూ చేమా లేని ఆ నేల మీద ఎదురుగాలికి అడ్డం పడేది సెనోబియో పొట్ట ఒక్కటే.

ఈ ఏడు ఆ పొట్టలో ఒక ఉపాయం పుట్టింది.

"ఏమే, ఇన్నేళ్లూ నీకు నా వీపు తప్ప ఏం చూపించాను? ఈసారి నువ్వు ముందు కూర్చో. కొండలూ, ఆకాశం అన్నీ నువ్వే చూడు."

ఎర్మీనియా ఆయన నుదురు తాకి చూసింది. "జ్వరం లేదే!"

"ప్రేమే!"

"అది తగ్గి చాన్నాళ్లయింది కదయ్యా. మళ్లీ తిరగబెట్టిందా?"

ఊరు దాటగానే సెనోబియోకు స్వర్గం కనిపించింది. దుప్పటంత శాలువా కప్పుకున్న ఎర్మీనియా గాలినంతా ఆపేసింది. పెడళ్లన్నీ కలిసే తిరుగుతాయి కనుక, పాదాలు ఊరికే ఆనించినా చాలు, తొక్కుతున్నట్టే ఉంటుంది. ఆయన తీరిగ్గా ఎండు మాంసం నమలసాగాడు.

"తొక్కుతున్నావా?" ముందు నుంచి కేక.

"ప్రాణాలు పోతున్నాయే!" అని సీసాలో నీళ్లు మెడ మీద చల్లుకున్నాడు, చెమటలాగా. ఆ చలికి నిజంగానే ప్రాణాలు పోయినంత పనైంది.

గుంపు పెద్ద కాసిమీరో పక్కకొచ్చాడు. "వదినా, అన్న మొహంలో ఏం కళ! కుర్రాడైపోయాడు."

"కుర్రాడేంటి తమ్ముడూ, వీపున కట్టుకున్న పసివాడు. బరువు నాకు తెలుస్తోందిగా."

మధ్యాహ్నానికి గుంపు ముందెక్కడో చుక్కలైపోయింది. వీళ్ల సైకిల్ నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. మైదానం మధ్య నిలబడి, కాసేపు ఆలోచించి, పక్కకు ఒరిగింది. ఇద్దరూ దుమ్ములో పడ్డారు. మేస్తున్న లామాలు పొడుగాటి మెడలెత్తి చూశాయి.

"తొక్కడం మానేశావా?" ఉరిమాడు సెనోబియో.

"మానేశాను. నువ్వు తొక్కుతున్నావుగా, మరి బండెందుకు ఆగింది?"

"గొలుసు..."

"గొలుసుననకు. వెనక సీటు సంగతి నాకు చెబుతావా? ఇన్నేళ్లూ అక్కడ కూర్చుని నేనేం చేశాననుకున్నావు?"

సెనోబియో నోరు తెరిచాడు. లోపలికి దుమ్ము పోయింది. మూసేశాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు నీరసంగా.

"మొదటేడు కొంత దూరం తొక్కాను. అప్పుడు పూపో సరస్సు నిండా నీళ్లు. ఒక్కసారిగా ఫ్లెమింగోలు లేచాయి, ఆకాశమంతా గులాబీ రంగు. చూస్తూ చూస్తూ కాళ్లు ఆపేశాను. నువ్వేమో పాడుకుంటూ తొక్కుతున్నావు. పిలిస్తే పాట ఆపేస్తావని ఊరుకున్నాను."

ఆయన పడమటి వైపు చూశాడు. ఒకప్పుడు సరస్సున్న చోట ఎండిపోయి తెల్లటి ఉప్పు నేల మెరుస్తోంది.

"నేను ఆ పక్షుల్ని చూడనేలేదే," అన్నాడు.

"నీకెలా కనిపిస్తాయి? తొక్కుతున్నావుగా."

సెనోబియో లేచి, దుమ్ము దులుపుకుని, ఎవరూ చెప్పకుండానే ముందు సీటెక్కాడు. గాలి మొహాన కొట్టింది.

కొంత దూరం పోయాక వెనక నుంచి వినిపించింది. "ఎడమ పక్క నక్క పోతోందయ్యా, పిల్లల్ని వెంటేసుకుని!"

"ఏదీ, ఏదీ?" తల తిప్పాడు. బండి వంకర తిరిగింది.

"నువ్వు ముందు చూసి తొక్కు," అంది ఎర్మీనియా, ఆయన వీపుకు ఆనుకుంటూ. "ఏమేం కనిపిస్తున్నాయో నేను చెబుతాలే."