మెరూన్ కింద పచ్చ

ప్రొద్దుటూరు నూనెల వ్యాపారి ఆదినారాయణ ఆ పొద్దున వేసుకున్న లెక్క సులువైనదే. జీపు మీది పాత రంగు గీకించాలి, దాని మీద ఒక కోటు తెలుపు కొట్టించాలి, సాయంత్రం అందులోనే వర్తక సంఘం సమావేశానికి పోయి అధ్యక్షుడిగా తిరిగి రావాలి.

సంఘంలో వర్గాలు రెండు. బియ్యం మండీ చెన్నయ్యది పచ్చ జెండా, బట్టల కొట్టు షంషాద్‌ది మెరూన్ జెండా. ఈసారి ఇద్దరూ పట్టు వదలక, చివరికి ఏ వర్గమూ కాని మనిషిని ఏకగ్రీవంగా కూర్చోబెడదామనుకున్నారు. ఆదినారాయణ పేరు పైకొచ్చింది. ఇన్నేళ్లూ ఇద్దరికీ తానే ముందు దండం పెట్టాడు. ఒక్కసారి వాళ్లు ముందు పెడితే చూడాలని ఆయన ఆశ.

జీపుకు మాత్రం వర్గముంది. పులివెందులలో కొన్ననాటి నుంచి, సంఘం ఎన్నికల్లో ఎవరు గెలిస్తే వాళ్ల రంగు వేయిస్తూ వచ్చాడు. గెలిచినవాళ్ల రంగు బండిలో నూనె డబ్బాలు పోతే ఆర్డరు తప్పిపోదని ఆయన అనుభవం. గీకుడు కూలి దండగని రంగు మీద రంగే కొట్టించాడు. ఇప్పుడు పైనున్నది మెరూన్. తలుపు వేస్తే చాలు, అప్పడం ముక్కల్లా రాలుతోంది.

"ఇంగ దీని మీద కొట్టేది లేదు సావుకారూ," అన్నాడు పెయింటర్ ఖాదర్. "తెలుపు నిలబడల్లంటే రేకు తేలేదాకా గీకల్ల."

ఇంటి ముందు వీధిలోనే రంగు ఊడగొట్టే రిమూవర్ పూశాడు. కాసేపటికి మెరూన్ రంగు పెనం మీది అట్టులా బుడగలెత్తింది. బ్లేడుతో తోస్తే చుట్టలు చుట్టుకుంటూ లేచింది. కింద, నిన్ననే వేసినట్టు, నిగనిగలాడే పచ్చ.

ఆ దారిన పోయినవాళ్లు ఊరుకుంటారా? ఫోను మోగింది. షంషాద్.

"ఏందన్నా, మా రంగు గీకేసి పచ్చ ఏసుకుంటాండావంట?"

"ఏసుకోలేదు తల్లీ, అది కింద ఉండేదే!"

"అంటే పైపైకి మేము, లోపలంతా వాళ్లు! ఉండు, నేనే వస్తాండా."

అధ్యక్ష కుర్చీ కాలు విరిగినంత పనైంది ఆదినారాయణకు. "ఖాదరూ, ఆయమ్మ వచ్చేలోపల పచ్చ కనపడగూడదు. నువ్వు ఎడమ పక్క పుయ్యి!" అని తానూ కుంచె పట్టుకుని కుడి పక్కకు పరుగెత్తాడు.

ఖాదర్ చెయ్యి వడి. ఎడమ పక్క పచ్చ ఊడి, దాని కింది పాత మెరూన్ తేలింది. సరిగ్గా అప్పుడే ఆ పక్కన చెన్నయ్య పూలమాలతో దిగాడు. జీపు పచ్చబడిందని ఆయనకూ కబురందింది.

"యాడ మామా పచ్చ? ఇది మెరూన్ గదా!"

"ఇంతకు ముందే ఉండె మామా," అన్నాడు ఆదినారాయణ కుడి పక్క నుంచే.

"ఉండేది యాడికి పాయె?"

"ఈడనే ఉండాది సార్," అని ఖాదర్ కాళ్ల కింది పచ్చ పెచ్చులు చూపించాడు, సాయం చేస్తున్నాననుకుని. "గీకేసినాం."

చెన్నయ్య మాలను చంకలో పెట్టుకున్నాడు. కుడి పక్కన వీధి మలుపులో షంషాద్ ఆటో ఆగింది. ఆదినారాయణ వైపు రంగు ఇంకా పచ్చగానే ఉంది.

అప్పుడు బయటికొచ్చింది ఆయన భార్య పద్మావతమ్మ. ఉతికిన దుప్పటి తెచ్చి బానెట్ మీద ఆరేసింది. ఎడమ పక్క ఒక కుర్చీ వేసి చెన్నయ్యను, కుడి పక్క ఇంకొకటి వేసి షంషాద్‌ను కూర్చోబెట్టింది. మధ్యలో జీపు గోడలా నిలబడింది. ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి, మొగుడి చెవిలో అంది: "మీరు ఆయమ్మ ముందర పచ్చ గీకండి. ఖాదరు ఆయప్ప ముందర మెరూన్ గీకుతాడు. ఇద్దరూ నోరెత్తొద్దు."

గీకారు. ఎడమ పక్క మెరూన్ ఊడి కింద పచ్చ తేలింది. కుడి పక్క పచ్చ ఊడి కింద మెరూన్ తేలింది. మజ్జిగ గ్లాసులు ఖాళీ అయ్యాయి.

"లోపల మనోడే!" అనుకుంటూ చెన్నయ్య లేచాడు.

"తప్పుగా అనుకుంటి అన్నా, ఏమనుకోవద్దు," అంది షంషాద్.

సాయంత్రం ఆదినారాయణ జీపు తీయకుండా నడిచే పోయాడు. "ఈయప్ప లోపలి రంగు నా కండ్లతో చూసినా," అని చెన్నయ్య ప్రతిపాదించాడు. "నేనూ చూసినా," అని షంషాద్ బలపరిచింది. ఎదుటివాళ్లకు అర్థం కాలేదులే అని ఇద్దరూ లోలోపల నవ్వుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి చేతులు జోడించారు. ఆదినారాయణ తొందరపడకుండా, కళ్లారా చూసుకుని, అప్పుడు ప్రతినమస్కారం పెట్టాడు.

మరునాడు ఖాదర్ బ్లేడు తీశాడు. "మిగిలింది గీకేద్దామా సావుకారూ?"

"వద్దప్పా. ఉండేదాని మీదనే తెలుపు కొట్టు."

"నిలబడదు, పెచ్చులు లేస్తాది!"

"లేస్తే లేవనీ. కింద సరుకు నిల్వ ఉంది గదా."

అప్పటి నుంచి ఆ జీపు మండీ ముందు ఆగినా, బట్టల కొట్టు ముందు ఆగినా, ఏ పక్క ఎటు తిరిగి ఉందో చూసుకుని గానీ డ్రైవరు కిందికి దిగడు.