మా డిపార్ట్‌మెంట్‌లో రచయిత మరణించిన వైనం

స్త్రీవాదం బారి నుంచి మగజాతిని కాపాడింది ఎవరో తెలుసా? పోస్ట్‌మోడర్నిజం! అదే, ఏ మాటకీ స్థిరమైన అర్థం లేదు, నిజమంటూ ఒకటి లేదు అనే సిద్ధాంతం. నవ్వకండి. ఏళ్ల తరబడి సాహిత్యం పాఠాలు చెప్పి జుట్టు నెరిసిన డిపార్ట్‌మెంట్ హెడ్‌ని, అనుభవం మీద చెబుతున్నాను.

పూర్వం ఆడవాళ్లు సూటిగా అడిగేవారు. "సిలబస్‌లో ఆడవాళ్లు రాసినవి ఎందుకు లేవు?" అని. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఇప్పుడో? "ముందు ఆడవాళ్లంటే ఎవరో నిర్వచించండి" అంటాను. వాళ్లు నిర్వచించేలోగా మీటింగ్ అయిపోతుంది. సిలబస్ క్షేమం!

ఇంట్లోనూ ఇదే మందు. "ఈ గిన్నెలు ఎవరు కడుగుతారు?" అంది మొన్న మా ఆవిడ. "మనిషనేవాడే లేడోయ్, అదంతా భాష కల్పించిన భ్రమ" అన్నాను. "మరి తిన్నదెవరు?" అంది. థియరీ చదవనివాళ్లతో ఇదే చిక్కు.

అసలు సంగతికొస్తాను. మా దగ్గర ఒక జూనియర్ లెక్చరర్ ఉంది. చాటుగా అడ్డప్రశ్న అని పేరు పెట్టాను. బట్టల ఫ్యాక్టరీ చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, అక్కడ మిషన్లు కుట్టే ఆడవాళ్ల గోడు విని ఒక పుస్తకం రాసింది. కాలేజీ తరఫున అచ్చు వేయించాం. అట్ట మీద తన పేరు లేదని పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, రచయిత చచ్చిపోయాడు. పుస్తకానికి అర్థం చెప్పేది చదివేవాడే, రాసినవాడితో పనిలేదని నువ్వే కదా క్లాసులో చెబుతావు?" అన్నాను.

"మరి మీ పేరుందేంటి సార్?"

"నేను సంపాదకుణ్ణి. సంపాదకుడు చచ్చిపోయాడని ఇంతవరకూ ఏ సిద్ధాంతమూ చెప్పలేదు."

ఆవిడ అట్ట మీద నా పేరు ఇంకోసారి చదివింది. తర్వాత అంది: "ఇన్నాళ్లూ మమ్మల్ని రాయనివ్వలేదు. ఇప్పుడిప్పుడే రాసి కింద పేరు పెట్టుకుంటుంటే రచయిత చచ్చిపోయాడంటున్నారు. మేమొచ్చేదాకా ఆగి చచ్చాడా సార్?"

"బాగుంది, ఇదీ ఒక రీడింగే, ఒక వ్యాఖ్యానమే" అని మెచ్చుకుని పంపించాను. పోస్ట్‌మోడర్నిజంలో ఉన్న మర్యాద అదే. ఎవరి మాటనీ కాదనక్కర్లేదు, విననూ అక్కర్లేదు!

ఆవిష్కరణ సభకి హాలు కిటకిటలాడింది. వక్తలు నన్ను ఆకాశానికెత్తేశారు. నేను వద్దనలేదు. రచయిత లేనప్పుడు పొగడ్తలు ఎవరో ఒకరు అందుకోవాలి కదా! అంతలో వెనక వరసలోంచి కోటు వేసుకున్న ఒకాయన లేచాడు. ఫ్యాక్టరీవాళ్ల లాయరు.

"షిఫ్టు అయ్యేదాకా ఆడవాళ్లని లోపల పెట్టి తాళం వేస్తారని మూడో అధ్యాయంలో ఉంది. ఇది రాసిందెవరు? కేసు వేస్తాం."

నిజమనేదే లేదు, ఉన్నవన్నీ కథనాలే అని చెప్పబోయాను. ఈలోగా నా చెయ్యి దానంతటదే లేచి అడ్డప్రశ్న వైపు చూపించింది.

"ఆవిడండీ! ఆవిడే రాసింది! నేను కామాలు దిద్దానంతే!"

ఆవిడ తాపీగా వచ్చి నా ముందున్న మైకు తీసుకుంది.

"అవునండీ, నేనే రాశాను. మూడో అధ్యాయమే కాదు, మొదటి పేజీ నుంచి చివరిదాకా నేనే. తాళం సంగతి నిజం. చెప్పినవాళ్లు ఇక్కడే కూర్చున్నారు, అడగండి."

మిషన్లు కుట్టే ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. లాయరు కూర్చున్నాడు. అట్ట మార్చమని ప్రిన్సిపాల్ అక్కడికక్కడే ప్రెస్సుకి ఫోన్ చేశాడు.

పాఠకమహాశయులారా, మీలో పెద్ద చదువులు చదివినవారెవరైనా ఉంటే నాకో సాయం చేయండి. అంతమంది ఎదుట నా చూపుడువేలుతో నేనే బతికించిన రచయితని మళ్లీ చంపడానికి కొత్త థియరీ ఏదైనా వచ్చిందా?