నలభై ఏడో నంబరు కళ్ళజోడు

పదకొండింటికి పని చూడడానికి పరీక్షకురాలు వచ్చేలోపు గోడకు ఒక్క చెక్క అర బిగించేస్తే మేస్త్రీ పని పూర్తవుతుంది. ఒకప్పుడు అక్కాతమ్ముళ్ళిద్దరు తమ తొలి విమానాన్ని తయారుచేసుకున్న వర్క్‌షాపును మ్యూజియం వారు అచ్చు గుద్దినట్టు మళ్ళీ కట్టించారు. కట్టింది ఈ వడ్రంగి మేస్త్రీయే. పరీక్షకురాలికి నచ్చితే ఆ విమానం నమూనా చేసే పని కూడా అతనికే. ఆరు నెలలుగా అదే ధ్యాస. ఆ ఉదయం అతని కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. తొమ్మిదిన్నరకు టేపు లాగి, కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు. లేదు. చత్వారపు కళ్ళకు అంగుళాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి.

తీరా చూస్తే కళ్ళజోడు ఎదురుగానే ఉంది. నిన్న బల్ల మీద మరిచిపోయినది ఇవాళ గాజుపెట్టెలో తాళం వెనక కూర్చుంది. పక్కన చీటీ కూడా.

"ఏమని రాశావమ్మా దీని మీద?" అని చీటీలు రాసే అమ్మాయిని అడిగాడు.

"నలభై ఏడు. అక్కగారి కళ్ళజోడు. విరిగిన కాడకు నీలం దారం కట్టుకుని వాడేవారు."

"ఆ దారం కట్టింది మా ఆవిడ!"

అమ్మాయి నాలుక కరుచుకుంది. "అయ్యో బాబాయ్, దాని వాలకం చూసి పాతదనుకున్నాను. ఇప్పుడు రిజిస్టర్లోకి ఎక్కేసింది. మ్యూజియం సార్ సంతకం లేకుండా ఈ గదిలోంచి మేకు కూడా కదలకూడదుగా."

"ఎవడు పెట్టాడు ఆ రూలు?"

"మీరే. మొన్న మీ రంపం కనిపించలేదని గొడవ చేసి పెట్టించారు."

మేస్త్రీకి తన నోటి మీద తనకే కోపం వచ్చింది. తాళంచెవి సార్ దగ్గరుంది. సార్ పరీక్షకురాలిని తీసుకురావడానికి వెళ్ళాడు, ఫోన్ ఎత్తడం లేదు. పదింబావు, పదిన్నర. ఇక ఆగలేక మేస్త్రీ వాచ్‌మన్‌ని అడిగి అతని కళ్ళజోడు పెట్టుకున్నాడు. అది దూరపు చూపుది. గోడ రెండడుగులు వెనక్కి జరిగింది. అయినా దేవుడి మీద భారం వేసి అర బిగించాడు.

దాని మీద వార్నిష్ డబ్బా పెట్టగానే అది నింపాదిగా జారుకుంటూ వెళ్ళి కింద పడింది. నేలంతా వార్నిష్. తుడుద్దామని పరిగెత్తిన అమ్మాయి జారబోయి కిటికీ తెర పట్టుకుంటే తెర ఊడి చేతికొచ్చింది. ఆమెను పట్టుకోబోయిన వాచ్‌మన్ వార్నిష్ తొక్కి, గుమ్మం దాకా అడుగుల గుర్తులు వేసుకుంటూ పోయి, అక్కణ్ణుంచే కేక పెట్టాడు. "మేస్త్రీ, కారొచ్చేసింది!"

పరీక్షకురాలికి దారి చూపించుకుంటూ లోపలికి వచ్చిన సార్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరీక్షకురాలు డెబ్బై ఏళ్ళ మాజీ పైలట్; ఆవిడ వంకర అరను, నేలను, గాజుపెట్టెను చాలాసేపు చూసింది. మేస్త్రీ టేపు చుట్టి జేబులో పెట్టేసుకున్నాడు. విమానం చేజారిపోయినట్టే.

"ఇది కట్టిందెవరు?"

"నేనేనమ్మా."

"ఇలాంటివి చాలా చూశాను. అన్నీ చుట్టాలొస్తున్నారని సర్దిన గదుల్లా ఉంటాయి. పని జరిగిన చోటు ఇలా ఉంటుందయ్యా! ముఖ్యంగా ఆ దారం కట్టిన కళ్ళజోడు... ఎంత ఆలోచించావు! వీటిలో ఏదీ కదపొద్దు. విమానం కూడా నువ్వే చెయ్యి."

మేస్త్రీకి ఏడుపొచ్చినంత సంతోషమైంది. "అమ్మా, ఆ కళ్ళజోడు..." అన్నాడు.

సార్ గుడ్లురిమాడు.

"...చాలా మంచిదమ్మా."

ఆవిడ విమానం కొలతల కాగితం చేతిలో పెట్టింది. మేస్త్రీ దాన్ని చేయి చాచినంత దూరం పట్టుకున్నాడు. చేయి చాలక, వాచ్‌మన్‌కి ఇచ్చి గేటు దాకా వెనక్కి నడవమన్నాడు.