ఫ్రిజ్‌లో మధ్య అర

పాలగిన్నె పక్కన ఈ బురద సీసా ఏమిటని అత్తగారు, అది బురద కాదు, సముద్రం అడుగునుంచి తెచ్చిన సూక్ష్మజీవి అని కోడలు. వాదన మొదలై మూడు రోజులైంది. ఎవరు ఫ్రిజ్ తలుపు తీసినా ఆగిన చోటినుంచి మళ్లీ అందుకునేవారు.

"మందు ఊరే జీవి అంటున్నావు. మీ ల్యాబులో ఫ్రిజ్ లేదూ?"

"ఉందత్తయ్యా. అందులో మంత్రిగారి పూలదండలున్నాయి."

"ఇంకోటి పెద్దదుందన్నావే?"

"దాన్నిండా కూల్‌డ్రింకులు."

"శనివారం సాయంత్రందాకా చూస్తాను. తర్వాత పారబోస్తాను," అంది అత్తగారు. కొడుకు పేపరు కాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు.

ఆ శనివారమే సముద్ర ఔషధాల మంత్రిగారు కొత్త మందును జాతికి అంకితం చేయనున్నారు. జాతి ఎదురుచూస్తోందని ఆయన శాఖే ప్రకటించింది. మొండి పుళ్లను మాన్పే రసం ఊరే ఆ జీవిని కోడలు మూడేళ్లుగా కంటికి రెప్పలా పెంచింది. మంత్రిగారు మూడు వారాలు శ్రమించి దాని పేరు పలకడం నేర్చుకున్నారు. ఎవరి కష్టం వారిది.

శుక్రవారం ఏర్పాట్లు చూడడానికి మంత్రిగారి పి.ఎ. ల్యాబుకు వచ్చాడు. గాజు పళ్లేల్లో తెల్లగా పెరుగుతున్న జీవుల్ని చూసి ముక్కు మూసుకున్నాడు.

"మంత్రిగారొచ్చే చోట ఈ బూజేమిటి మేడమ్?"

"ఆయన వస్తున్నది దీన్ని చూడడానికేనండీ."

"చూస్తారు లెండి. ముందు శుభ్రంగా ఉండాలిగా."

ల్యాబు డైరెక్టరుగారు పైవారి మాటను నేల రాలనివ్వని మనిషి. కోడలు ఇంటికి వెళ్లగానే ఆరుగురు మనుషులు బ్లీచింగు, ఫినాయిలు పట్టుకొచ్చి, పళ్లేలతో సహా ల్యాబంతా కడిగేశారు. పొద్దున ఆమె వచ్చేసరికి పళ్లేలు అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్క జీవి మిగల్లేదు.

"అన్నీ పోయాయి సార్."

"మెల్లగా. టీవీవాళ్లొచ్చారు," అన్నాడు డైరెక్టరు.

ఇక మిగిలింది ఇంట్లో ఉన్న సీసా ఒక్కటే. అత్తయ్యకు ఒక్క మాట చెబుదామంటే, భద్రత కోసం ఫోన్లన్నీ గేటు దగ్గరే తీసేసుకున్నారు.

మంత్రిగారు సమయానికి విలువిచ్చే మనిషి కనుక మూడు గంటలే ఆలస్యంగా వచ్చారు. తలుపంత ఎత్తున్న సూక్ష్మజీవి ఫొటోకు దండ వేసి, చేతులు జోడించి, మైక్రోస్కోపులోకి చాలాసేపు చూశారు.

"ఎంత క్రమశిక్షణ. ఒక్కటీ కదలడం లేదు. మా కార్యకర్తలు వీటిని చూసి నేర్చుకోవాలి."

చప్పట్లు మోగాయి. "ఏడాదికెన్ని సీసాల మందు తీస్తారమ్మా?" అని మంత్రిగారు కోడలిని అడిగారు.

"ప్రస్తుతానికి సార్..." అని ఆమె నసుగుతుండగానే డైరెక్టరు అందుకున్నాడు. "లక్ష సార్."

"రెండు లక్షలు చేయండి," అని మంత్రిగారు నిలబడ్డ చోటే ఉత్పత్తిని రెట్టింపు చేశారు. అంత వేగంగా పనిచేసే శాఖ మరొకటి లేదు.

కోడలు ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. చెప్పులైనా విప్పకుండా వంటింట్లోకి పరుగెత్తి ఫ్రిజ్ తీసింది. మధ్య అరలో పాలగిన్నె లేదు. కూరల సంచీ లేదు. మడతపెట్టిన గుడ్డమీద సీసా ఒక్కటే ఉంది. ఆమె ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"టీవీలో చూశాను," అంది వెనకనుంచి అత్తగారు. "మీ మంత్రి ఫొటోకి దండ వేసి దణ్ణం పెట్టాడు. దాని పక్కన నీ మొహం చూశాను. అక్కడివి పోయాయని అర్థమైంది. ముందు తలుపు వెయ్యి, చల్లదనం పోతుంది."

అందరూ భోజనాలకు కూర్చున్నాక, వడ్డిస్తూ వడ్డిస్తూ, గొంతు పెంచకుండానే చెప్పింది అత్తగారు.

"రేపట్నుంచి పాలు ఏ పూటకాపూట తెచ్చుకుందాం. మధ్య అర జాతికి అంకితం. ఎవరూ ముట్టుకోకండి."