గర్భాశయం మీద సంజాయిషీ

ఎదిగే పిల్లలకు వాళ్ల శరీరం గురించి ఒక్క ముక్క కూడా దాచకుండా చెప్పేస్తామని విద్యాశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఆ ఒక్క ముక్క ఏమిటో ప్రకటనలో లేదు. కార్యక్రమానికి మాత్రం 'వికాస ఉషస్సు' అని చక్కటి పేరు పెట్టారు. హైస్కూల్లో పద్దెనిమిదేళ్లుగా బయాలజీ చెబుతున్న టీచరమ్మను పిలిపించి, వారంలోగా పిల్లల కోసం ఒక పుస్తకం రాయమన్నారు.

టీచరమ్మ మనస్ఫూర్తిగా ఒప్పుకుంది. అంతకు ముందు నెలలోనే ఏడో తరగతి పిల్ల ఒకతె బట్టల మీద మరక చూసుకుని, తనకేదో పెద్ద జబ్బు చేసిందనుకుంది. చెప్తే అమ్మ బెంగపడుతుందని మూడు రోజులు నోరు విప్పలేదు. ఆ పిల్ల మొహం కళ్ల ముందు పెట్టుకుని టీచరమ్మ ముప్ఫై రెండు పేజీలు రాసింది. నెలసరి అంటే ఏమిటి, గొంతు ఎందుకు బొంగురుపోతుంది, బిడ్డ ఎక్కడ పెరుగుతుంది, అన్నీ విడమర్చి రాసింది.

సమీక్షా సమావేశంలో మంత్రిగారి ఎదుట విద్యాశాఖ డైరెక్టరుగారు పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకుని మెచ్చుకున్నారు.

"బ్రహ్మాండంగా రాశారమ్మా. ఒకటి రెండు మాటలు మార్చాలంతే."

"ఏ మాటలు సార్?"

ఆయన నోటితో చెప్పలేదు. పెన్సిల్‌తో చూపించారు.

"గర్భాశయమా?" అంది టీచరమ్మ.

బల్ల చుట్టూ ఉన్న నలుగురు అధికారులూ ఒకేసారి మంచినీళ్ల గ్లాసులు అందుకున్నారు.

"పైకి చదవనక్కర్లేదమ్మా. 'కడుపు' అని రాస్తే సరిపోతుంది."

"కడుపులో అన్నం ఉంటుంది సార్. బిడ్డ అన్నంలో పెరుగుతుందనుకుంటారు పిల్లలు."

"అనుకోనివ్వండి. పెద్దయ్యాక వాళ్లకే తెలుస్తుంది," అన్నారు మంత్రిగారు. "మనకి తెలీలేదూ?"

అందరూ తలలూపారు. 'నెలసరి'ని 'నెలవారీ కార్యక్రమం'గా మార్చారు. తర్వాత గర్భాశయం బొమ్మ దగ్గర ఆగారు.

"దీనికేమైనా బట్టలు తొడిగితే బాగుంటుంది," అన్నారు మంత్రిగారు.

"అది ఒంటి లోపలి బొమ్మ సార్."

"పోనీ, ఆకులేమైనా అడ్డం గీయండి."

ఆకులు గీశాక బొమ్మ చెట్టులా కనబడింది. చెట్టన్నాక పువ్వు పెట్టారు. పువ్వు పెట్టాక తుమ్మెద తప్పలేదు. అలా ముప్ఫై రెండు పేజీల పుస్తకం ఆరు పేజీలకు దిగి, పరాగ సంపర్కం దగ్గర ఆగింది. తుమ్మెద కొంచెం అసభ్యంగా ఉందని ఒక అధికారి అన్నారు గానీ, మంత్రిగారిది విశాల హృదయం. ఉండనిచ్చారు.

ఆవిష్కరణ సభ టీచరమ్మ స్కూల్లోనే జరిగింది. మంత్రిగారు మొహమాటం లేకుండా ప్రశ్నలడగమన్నారు. ఏడో తరగతి వరసలోంచి ఒక పిల్ల లేచింది.

"సార్, నెలవారీ కార్యక్రమం అంటే ఏంటి సార్?"

మంత్రిగారు తడుముకోలేదు. "మంచి ప్రశ్న. ప్రతి నెలా మొదటి శనివారం మొక్కలు నాటడం."

చప్పట్లు మోగాయి. టీచరమ్మ తల దించుకుంది. సభ ముగిశాక ఆ పిల్లనూ, ఇంకో పదిమందినీ ల్యాబులోకి తీసుకెళ్లి, తలుపు దగ్గరగా వేసి, అసలు సంగతి చెప్పింది.

నాలుగో రోజు సాయంత్రం, బడి వదిలాక, మంత్రిగారు ఒక్కరే ఆమె క్లాసులోకి వచ్చారు. మొహం వాడిపోయి ఉంది.

"మా అమ్మాయికి పన్నెండేళ్లమ్మా. వాళ్లమ్మ పోయి నాలుగేళ్లయింది. నిన్నటి నుంచి గది తలుపు తియ్యట్లేదు. 'నాన్నా, నేను చచ్చిపోతున్నానా' అని చీటీ రాసి తలుపు కిందనుంచి తోసింది."

"మీరేం చేశారు సార్?"

"పుస్తకం ఇచ్చాను. మన పుస్తకమే."

"చదివిందా?"

"చదివి ఇంకో చీటీ తోసింది. 'నేను మొక్కనా నాన్నా' అని."

టీచరమ్మకు నవ్వు రాలేదు. "పదండి సార్, నేనొచ్చి మాట్లాడతాను."

"వద్దమ్మా. అది నన్నడిగింది. నాకు చెప్పండి, నేను చెప్తాను."

ఆయన ముందు బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. ఆమె బోర్డు మీద ఆకులు లేకుండా బొమ్మ గీసి, పక్కన పేరు రాసింది.

"ముందు ఈ మాట పలకండి సార్."

మంత్రిగారు తలుపు వైపు చూశారు. "గర్భా..." అని దగ్గారు. మూడోసారికి పూర్తిగా వచ్చింది. ఆ తర్వాత గంటసేపు శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు. ఇది అందరికీ వస్తుందా, నొప్పిగా ఉంటుందా, ఏం కొనాలి, దగ్గర కూర్చోవచ్చా అని అడిగారు.

"కూర్చోండి సార్. భయపడకుండా కూర్చోండి."

వెళ్తూ వెళ్తూ చేతులు జోడించారు. మర్నాడు ఆయన ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "టీచర్, నాన్న అంతా చెప్పారు. బొమ్మ కూడా గీశారు. మామిడికాయలా ఉంది," అంది ఆ పిల్ల. గొంతులో భయం లేదు.

ఆ మధ్యాహ్నమే మెమో కూడా వచ్చింది. బడి వదిలిన తర్వాత క్లాసు బోర్డు మీద ఆమోదం లేని బొమ్మ, తొలగించిన పదం కనిపించినట్టు డైరెక్టరుగారి దృష్టికి వచ్చిందట. ఆ పాఠానికి ఎంతమంది హాజరయ్యారో, దానివల్ల విద్యార్థుల ప్రవర్తనలో ఏం మార్పు వచ్చిందో తెలుపుతూ ఇరవై నాలుగు గంటల్లో సంజాయిషీ ఇవ్వాలట. కింద సంతకం మంత్రిగారిదే.

టీచరమ్మ కళ్లజోడు తుడుచుకుని, తెల్లకాగితం తీసుకుని, గుండ్రటి అక్షరాలతో రాసింది.

"హాజరు: ఒకరు. ప్రవర్తనలో మార్పు: ఇంటి దగ్గర కనబడింది. ఆఫీసులో ఇంకా కనబడలేదు."